అవార్ల ఎముకలు ఎవరివి? హంగేరీలో తెగని వాదన వెనుక కథ

ఏదైనా అవార్ శ్మశానం నుంచి డీఎన్ఏ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ హంగేరీలో పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఆ ఎముకలు మా పూర్వీకులవా, పరాయివాళ్లవా? 2022 నుంచి పెద్ద పెద్ద ఫలితాలు వరసగా వస్తున్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు తెరిపి లేకుండా పోయింది.

తూర్పు మైదానాల సంచార జాతి అయిన అవార్లు 567-68లో కార్పేతియన్ కొండల మధ్య మైదానానికి, అంటే ఇప్పటి హంగేరీ ప్రాంతానికి వచ్చారని, రెండు వందల ఏళ్లకు పైగా ఏలారని, 790ల్లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యాల దెబ్బకు కుప్పకూలారని చరిత్ర చదివినవాళ్లకు తెలిసిందే. ఇప్పటి హంగేరియన్లకు పేరూ భాషా ఇచ్చిన మగ్యార్లు 895 ప్రాంతంలో వచ్చారు. మధ్యలో వందేళ్ల ఎడం ఉంది. గొడవంతా ఆ ఎడం గురించే.

ఈ గొడవకు అసలు మలుపు 1970ల్లో ఉందని నా అభిప్రాయం. ద్యులా లాస్లో అనే పురావస్తు శాస్త్రవేత్త అప్పట్లో 'రెండు రాకల' సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. మగ్యార్లు ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చారన్నాడు. 895లో వచ్చింది రెండో విడత అట. మొదటి విడత 670 ప్రాంతంలోనే వచ్చేసిందట. అంటే చివరి కాలపు అవార్లుగా మనం పిలుస్తున్న జనంలో చాలామంది మగ్యార్ భాష మాట్లాడినవాళ్లే అయి ఉంటారని ఆయన నమ్మకం.

ఆయనకు దొరికిన ఆధారాల్లో ముఖ్యమైనది నడుముకు కట్టుకునే పటకా. 670 దాటాక అవార్ సమాధుల్లో మగవాళ్ల నడుము దగ్గర కొత్త రకం కంచు బిళ్లలు కనిపిస్తాయి. వాటి మీద గద్ద తల, సింహం ఒళ్లు కలిసిన గ్రిఫిన్ బొమ్మ, అల్లుకుపోయే తీగలు ఉంటాయి. బిళ్లలు మారాయంటే మనుషులు మారారని లాస్లో అర్థం చేసుకున్నాడు. పాత రష్యన్ వృత్తాంతంలోని 'తెల్ల ఉగ్రియన్లు' (ఉగ్రియన్లంటే మగ్యార్లు, వాళ్ల భాషా బంధువులు) అన్న మాటను దీనికి జోడించాడు. శ్మశానాల పటాన్ని కూడా చూపించాడు. 895 నాటి మగ్యార్ల సమాధులు ఉన్నచోట చివరి అవార్ల సమాధులు పెద్దగా లేవని, వచ్చినవాళ్లు తమ వాళ్లు ఉన్న ఊళ్లను వదిలి పక్కన దిగారని వాదించాడు.

భాషావేత్తలు, చరిత్రకారులు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. కానీ జనం మనసులో అది నాటుకుపోయింది. అప్పటిదాకా మ్యూజియం పెట్టెల్లో పడి ఉన్న అవార్ ఎముకలు ఆ రోజు నుంచి జాతి కేసులో సాక్షులయ్యాయి. నన్ను బాధపెట్టేది ఇదే. లక్ష దాకా తవ్విన సమాధుల్లో తల్లులున్నారు, పసిపిల్లలున్నారు. వాళ్లు ఎలా బతికారో, దేనితో పోయారో అడగడం కన్నా ఎవరి వైపో అడగడం ముఖ్యమైపోయింది.

అలా అడిగే అలవాటు లాస్లోతో మొదలవలేదన్నది కూడా చెప్పాలి. అంతకుముందు ఎముకల చదువంటే పుర్రెల కొలతే. సెగెడ్ విశ్వవిద్యాలయంలో ఆంత్రపాలజీ విభాగాన్ని నడిపిన పాల్ లిప్తాక్ తరం శాస్త్రవేత్తలు పుర్రె పొడవు, వెడల్పు, ముఖం తీరు చూసి ఇది మంగోలాయిడ్, ఇది యూరోపాయిడ్ అని విడదీసేవారు. ఓపికగా, నిజాయితీగా చేసిన పనే అది. అవార్లలో తూర్పు ఆసియా పోలికలున్నవాళ్లు కొందరే అని వాళ్లు గమనించింది కూడా తప్పు కాదు. లోపం పద్ధతిలో ఉంది. పక్కపక్క సమాధుల్లో ఉన్న ఇద్దరు తండ్రీకొడుకులా, అన్నదమ్ములా, ఏమీ కానివాళ్లా అన్నది పుర్రె కొలతతో తేలదు. తేలనప్పుడు ప్రతి పుర్రె ఒంటరిగా ఏదో ఒక జాతికి నమూనా అయి కూర్చుంటుంది.

ఆ ముడి 2014 తర్వాత విడిపోవడం మొదలైంది. లోపలి చెవిని కప్పి ఉండే గట్టి ఎముకలో డీఎన్ఏ మిగతా ఎముకల కన్నా చాలా బాగా నిలుస్తుందని ఆ ఏడాది వచ్చిన ఒక పరిశోధన చూపించింది. దానికి వాడినవి కూడా హంగేరీ మైదానంలో దొరికిన, ఇంకా పాతకాలపు ఎముకలే. ఆ తర్వాత ఒకరిద్దరిని కాకుండా శ్మశానం మొత్తాన్ని చదవడం సాధ్యమైంది.

2019లో హంగేరీ ప్రభుత్వం మగ్యార్ల మూలాలను పరిశోధించడానికి విడిగా ఒక సంస్థను పెట్టింది. సైన్స్ అకాడమీ చేతిలోని పరిశోధనా సంస్థలను వేరే యంత్రాంగం కిందికి మార్చింది కూడా అదే ఏడాది. ఆ కొత్త సంస్థ, సెగెడ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి 2022లో 265 మంది జన్యువులు బయటపెట్టారు. వాళ్లలో 143 మంది అవార్ కాలం వాళ్లు. హూణులు, అవార్లు, మగ్యార్ల మధ్య కొంత హూణ సంబంధమైన రక్తం పంచుకున్న మనుషులున్నారని అందులో ఉంది. మన మూలాలు హూణుల రాజు అట్టిలా దాకా పోతాయి అనేవాళ్లకు ఆ వాక్యం చాలా నచ్చింది. అయితే అదే పరిశోధనలో ఇంకో రెండు మాటలున్నాయి. అవార్ల ఆసియా మూలం ఇప్పటి మంగోలియా వైపుది, మగ్యార్లది మాన్సీలు (సైబీరియాలో ఉండే, మగ్యార్లకు భాషా బంధువులైన జనం), సర్మేషియన్ల (పాతకాలపు మైదాన సంచారుల) కలయిక నుంచి వచ్చింది అన్నది ఒకటి. మూడు కాలాల్లోనూ ఎక్కువమంది స్థానిక ఐరోపా జనమే అన్నది రెండోది. ఈ రెండూ వాదనల్లో పెద్దగా వినపడవు.

అదే 2022లో ఇంకో బృందం 66 మంది జన్యువులతో అవార్ పెద్దల దారిని మంగోలియా మైదానాల దాకా పట్టుకుంది. తర్వాత 2024లో వచ్చింది హంగేరీలోని రాకోత్సిఫాల్వా ఊరి శ్మశానం, మరో మూడు శ్మశానాల మీద చేసిన పరిశోధన. నా దృష్టిలో లాస్లోకు అసలు జవాబు అక్కడుంది.

నాలుగు శ్మశానాల్లో 424 మంది. వాళ్లలో 298 మందికి అక్కడే దగ్గరి రక్తసంబంధీకులు దొరికారు. ఒక వంశవృక్షం తొమ్మిది తరాలు, సుమారు రెండున్నర వందల ఏళ్లు సాగింది. ఇంటిపేరు మగవాళ్ల వెంట నడిచినట్టే శ్మశానం కూడా నడిచింది. కోడళ్లు అక్కడ ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులు లేరు. ఆ ఇంట పుట్టి పెద్దయిన ఆడపడుచులు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. భర్త పోయిన కోడలికి అదే ఇంటి ఇంకో మగవాడితో పిల్లలు కలిగిన సందర్భాలు ఒకటి కన్నా ఎక్కువే కనిపించాయి. మనలో మేనరికం సంబంధం కలుపుకోవడమైతే, వాళ్లలో దగ్గరి చుట్టరికపు పెళ్లి జాడే లేదు. తొమ్మిది తరాల్లో ఒక్కటి కూడా దొరకకపోవడం మాటలు కాదు, తాతముత్తాతల పేర్లు గుర్తుపెట్టుకుంటే తప్ప అలా కుదరదు.

రాకోత్సిఫాల్వాలో ఏడో శతాబ్దం రెండో సగంలో ఒక వంశం ఆగిపోయి, దాని చోట ఇంకో వంశం మొదలైంది. తిండి మారింది, సమాధిలో పెట్టే వస్తువులు మారాయి. లాస్లో చెప్పిన కాలం సరిగ్గా అదే! ఆయన వైపువాళ్లు దీన్ని పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. మార్పు జరిగిందని ఆయన పసిగట్టింది నిజం, దానికి ఆయనకు గౌరవం దక్కాలి. కానీ కొత్తగా వచ్చిన మగవాళ్ల ఆసియా మూలం పాతవాళ్లదానిలాంటిదే. తూర్పు నుంచి కొత్త జాతి దిగలేదు. అవార్ రాజ్యం లోపలే ఒక కుటుంబం చేతిలోంచి ఇంకో కుటుంబం చేతిలోకి ఊరు మారింది. ఎముక భాష చెప్పదు కదా అని వాళ్లు అంటారు. చెప్పదు, నిజమే. మగ్యార్ భాష అని కూడా అది చెప్పలేదు మరి.

ఇక 2025 జనవరిలో వచ్చిన ఫలితాలు పటకా బిళ్లల వాదనకే తగులుతాయి. వియన్నాకు దక్షిణంగా దగ్గర దగ్గరగా ఉన్న మోడ్లింగ్, లియోబెర్స్‌డోర్ఫ్ శ్మశానాల మీద చేసిన పని అది, మొత్తం 722 మంది జన్యువులతో. రెండూ ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. రెండు చోట్లా ఒకే చివరి అవార్ సంస్కృతి, వంశం మగవాళ్ల వెంటే, కోడళ్లు బయటి నుంచే. లియోబెర్స్‌డోర్ఫ్ జనానిది మాత్రం వచ్చి రెండు వందల ఏళ్లయినా ఎక్కువగా తూర్పు ఆసియా రక్తం. మోడ్లింగ్ జనానిది స్థానిక ఐరోపా రక్తం. ఆరు తరాల వంశవృక్షాలు గీసి చూసినా రెండు ఊళ్ల మధ్య చుట్టరికం చాలా తక్కువ. లియోబెర్స్‌డోర్ఫ్ వాళ్లు పక్క ఊరిని దాటి, దూరాన ఉన్న అవార్ నడిమి ప్రాంతాలతో వియ్యమందుకున్నారు. మోడ్లింగ్ వాళ్లు వియన్నా మైదానంలోనే తమలాంటి ఇంకో ఊరితో కలుపుకున్నారు. బిళ్లలు మారితే మనుషులు మారినట్టే అన్న చోట లాస్లో మొదలుపెట్టాడు. ఇక్కడ రెండు వేర్వేరు మూలాల జనం ఒకే సంస్కృతిలో బతికి, ఒకే తీరు సమాధుల్లో పడుకుని ఉన్నారు.