చీమకుర్తి రాయి, చంద్రుడి తెల్లదనం

ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లో తీసే గెలాక్సీ గ్రానైట్‌ను పాలిష్ పట్టినప్పుడు నల్లని రాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. వ్యాపారంలో గ్రానైట్ అన్నా, భూగర్భ శాస్త్రం దృష్టిలో అది గాబ్రో జాతి రాయి. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. భూమి లోపల శిలాద్రవం మెల్లగా చల్లారుతున్నప్పుడు బరువైన ఖనిజాలు అడుగుకు దిగుతాయి, ప్లాజియోక్లేజ్ అనే తేలికపాటి ఖనిజం వేరుపడి అనార్థోసైట్ అనే లేత రంగు రాయిగా పేరుకుంటుంది. చీమకుర్తి శిలల్లో గాబ్రోతో పాటు అనార్థోసైట్ కూడా ఉంది. చంద్రుడి పుట్టుకను వివరించే సిద్ధాంతాలకు గట్టి ఆధారం దొరికింది ఈ మునగడం, తేలడంలోనేనని నా నమ్మకం.

చంద్రశిలలు చేతికందక ముందు ప్రధానంగా మూడు ఊహలుండేవి. వేగంగా తిరుగుతున్న తొలినాటి భూమి నుంచి ఒక ముక్క విడిపోయిందని చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జి డార్విన్ 1879లో ప్రతిపాదించాడు. అంత వేగం ఉండి ఉంటే అది తర్వాత ఏమైందో తేలలేదు. ఎక్కడో పుట్టిన చంద్రుణ్ణి భూమి పట్టుకుందంటే, దూసుకొచ్చే గోళం వేగాన్ని తగ్గించినదేమిటో చెప్పాలి. రెండూ ఒకే ధూళి నుంచి పక్కపక్కనే ఏర్పడ్డాయంటే, భూమి సాంద్రత నీటికి 5.5 రెట్లు, చంద్రుడిది 3.3 రెట్లు మాత్రమే ఎందుకైందో, అంటే చంద్రుడిలో ఇనుము అంత తక్కువెందుకో చెప్పాలి.

1969 నుంచి 1972 వరకు అపోలో యాత్రికులు 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. అపోలో 11 తెచ్చిన మట్టిలో చిన్న చిన్న తెల్లని నలుసులు కనిపించాయి. అవి అనార్థోసైట్ తునకలని గుర్తించిన జాన్ వుడ్ బృందం, ఒకప్పుడు చంద్రుడి పైభాగమంతా కరిగిన శిలాసముద్రమై ఉండాలని, దాని మీద ప్లాజియోక్లేజ్ తేలి తెల్లని పైపొరగా గడ్డకట్టిందని 1970లో వాదించింది. గుప్పెడు మట్టి నుంచి ఒక గోళం చరిత్రను చదవగలిగిన ఆ ధైర్యం నాకు అపురూపంగా తోస్తుంది.

అంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది? 1975లో హార్ట్‌మన్, డేవిస్ అనే శాస్త్రవేత్తలు ఒక మహా తాకిడిని సూచించారు. నేడు ఎక్కువ మంది అంగీకరించే రూపంలో, సుమారు 450 కోట్ల ఏళ్ల క్రితం అంగారకుడంత ఉన్న థియా అనే గోళం భూమిని ఢీకొంది. దాని ఇనుప గర్భం చాలావరకు భూమిలో కలిసిపోగా, పైకి చిమ్మిన రాతి పదార్థం చంద్రుడిగా కూడుకుంది. అయితే తొలి లెక్కల ప్రకారం చంద్రుడిలో ఎక్కువ భాగం థియాదే కావాలి, కానీ వేర్వేరు గోళాలకు సాధారణంగా వేరుగా ఉండే ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి భూమి రాళ్లలోనూ చంద్రశిలల్లోనూ దాదాపు ఒక్కటే. రెండు గోళాలూ ఆవిరై బాగా కలిసిపోయాయా, లేక థియా మొదటి నుంచీ భూమిని పోలినదేనా అన్న వాదన ఇంకా తెగలేదు.

2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువగా దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ 23 చోట్ల మట్టిని పరీక్షించగా, దాని కూర్పు ప్రధానంగా అనార్థోసైట్‌దేనని తేలింది. అపోలో వెళ్లని చోట కూడా శిలాసముద్రం జాడ దొరకడం ఆ సిద్ధాంతానికి పెద్ద బలం. అనుకున్నదానికంటే కొంత ఎక్కువగా మెగ్నీషియం కూడా కనిపించింది. దగ్గరలోని దక్షిణ ధ్రువ-ఐట్కెన్ మహాబిలం ఒక తాకిడిలో ఏర్పడినప్పుడు, ఒకనాడు అడుగుకు దిగిన, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న బరువైన ఖనిజాలు లోతుల నుంచి ఎగిసి ఈ తెల్లని నేల మీద పడి ఉండవచ్చని శాస్త్రవేత్తల అంచనా.