ప్రభుత్వ డేటా, ఫైల్ ఫార్మాట్లు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, పాలమూరులో ఏ మండలంలో ఎంత వాన పడిందో, ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలున్నాయో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుంది. చాలాసార్లు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. అది ఏ రకం ఫైల్‌లో ఉందన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అపోహ: పీడీఎఫ్ పెట్టారంటే డేటా ఇచ్చినట్టే.

వాస్తవం: పీడీఎఫ్‌ది తప్పు కాదు. అది 2008 నుంచి అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణం, ఎవరైనా చదివే సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు. లోపల ఏముందన్నదే ప్రశ్న. మౌస్‌తో ఒక వరుసను సెలెక్ట్ చేసి చూడండి. అక్షరాలు పట్టుబడితే ట్యాబులా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పట్టికను సీఎస్‌వీగా (గళ్ల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) తీసిస్తుంది. పేజీ మొత్తం ఒకే బొమ్మలా నీలంగా మారితే అది స్కాన్. ఎక్సెల్‌లో ఉన్న పట్టికను ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి పెట్టడం మన ఆఫీసుల్లో మామూలే. ముద్ర ఎప్పుడూ అంకెల మీదే పడుతుంది, అదేం చిత్రమో!

స్కాన్ నుంచి అంకెలు తీయాలంటే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్ తప్పదు. టెసెరాక్ట్ అలాంటిదే, ఉచితం, తెలుగూ చదువుతుంది. పేజీలను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మలుగా మార్చి, తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషలూ ఎంచుకుని నడపండి. ఎక్కువగా పోయేది దశాంశ చుక్క. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5. చుక్క ఎగిరిపోతే 1.5 కాస్తా 15 అవుతుంది. ఆ నిలువు వరుసను పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసి, పైన తేలిన ప్రతి అంకెనూ స్కాన్‌తో పోల్చి చూడాలి.

అపోహ: అక్షరాలు సెలెక్ట్ అవుతున్నాయి కాబట్టి తెలుగు కాపీ అవుతుంది.

వాస్తవం: ఆ ఫైల్ ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో తయారైతే కాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్‌తో కొట్టిన పత్రం కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. వేరేచోట పేస్ట్ చేస్తే గీతలు, డాలర్ గుర్తులు వస్తాయి. వెతుకులాటలో ఊరి పేరు దొరకదు. అను నుంచి యూనికోడ్‌కు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే ప్రమాణానికి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ, ఏ వెర్షన్‌లో కొట్టారో ముందు తెలుసుకోండి. మార్చాక ఒత్తులు, గుణింతాలు ఒకసారి చదివి చూడాలి. యూనికోడ్ తెలుగు 1991 నుంచే ఉంది కాబట్టి ఇప్పటికీ అనులోనే పంపే ఆఫీసుకు చెప్పుకోదగ్గ సాకు లేదు.

అపోహ: ఎక్సెల్ ఫైల్ మైక్రోసాఫ్ట్ కంపెనీ సొత్తు, ఎంఎస్ ఆఫీస్ కొనక తప్పదు.

వాస్తవం: ఇప్పటి ఎక్సెల్ ఫైల్ (ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్) 2008లో, అలాంటిదే ఓడీఎస్ 2006లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఉచితంగా తెరుస్తుంది. పాత ఎక్సెల్ రూపం ఎక్స్‌ఎల్‌ఎస్‌తోనే జాగ్రత్త. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి రాలిపోతాయి. 2020లో ఇంగ్లండ్‌లో 16 వేలకు దగ్గర కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయింది ఇలాగే.

నిజంగా ఒక కంపెనీతో ముడిపడేది లేఅవుట్ ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఫైల్, డీడబ్ల్యూజీ. దాన్ని వేరే సాఫ్ట్‌వేర్లూ తెరిచే డీఎక్స్‌ఎఫ్‌గా అడగండి. మ్యాపుల షేప్‌ఫైల్ అయితే ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ మూడూ కలిపి, మ్యాపు ప్రొజెక్షన్ చెప్పే పీఆర్‌జేతో సహా తీసుకోండి. ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపితే మహా అయితే గీతలొస్తాయి, ఊళ్ల పేర్లు రావు.

అపోహ: సీఎస్‌వీ ఇచ్చారు, ఇక దిగుల్లేదు.

వాస్తవం: అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే. ఫార్మాట్ తెరిచే ఉంటుంది, పాడుచేసేది మన డబుల్ క్లిక్. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారొచ్చు. సర్వే నంబరు 5/2 ఫిబ్రవరి 5 అయి కూర్చుంటుంది. సేవ్ చేశారంటే అసలు నంబరు ఇక రాదు. అందుకని ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తీసుకోండి. ఫైల్ ఆరిజిన్‌లో 65001, అంటే యూటీఎఫ్-8 ఎంచుకోండి. డేటా రకాలను గుర్తించవద్దన్న ఆప్షన్ పెట్టండి. లిబ్రేఆఫీస్‌లోనైతే తెరిచేటప్పుడే కిటికీ వస్తుంది, సర్వే నంబరు నిలువు వరుస మీద నొక్కి టెక్స్ట్ అని పెడితే చాలు.

ఇక గుంటలు. మన రికార్డుల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు. 2.20కి 1.25 కలిపితే ఎక్సెల్ 3.45 అంటుంది. సరైన లెక్క: 100 గుంటలు, 65 గుంటలు, మొత్తం 165, అంటే 4 ఎకరాల 5 గుంటలు. పైగా ఎక్సెల్ 2.20లో సున్నా మింగేసి 2.2 చూపిస్తుంది, చదివేవారు రెండెకరాల రెండు గుంటలనుకుంటారు. రెండు గుంటలైతే 2.02 అని ఉండాలి. ఈ నిలువు వరుసనూ టెక్స్ట్‌గానే తెచ్చుకుని, చుక్కకు ముందున్నది ఎకరాలు, తర్వాతి రెండంకెలు గుంటలుగా విడదీసి కలపండి. చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ కనబడితే అది గుంటల ఫైల్ కాదు. దశాంశ ఎకరాలో, హెక్టార్లో అయి ఉంటుంది.

అపోహ: సమాచార హక్కు కింద ప్రింట్లే ఇస్తారు.

వాస్తవం: 2005 చట్టంలోని సెక్షన్ 2(జె) ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కునూ చేర్చింది. అడిగిన రూపంలోనే ఇవ్వాలని 7(9) చెబుతుంది. ఆఫీసు వనరులు విపరీతంగా మళ్లాల్సి వస్తేనో, రికార్డు భద్రతకు ముప్పైతేనో తప్ప. దరఖాస్తులో ‘మీ కంప్యూటర్‌లో ఉన్న ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చకుండా, ఉన్నదున్నట్టుగా ఇవ్వగలరు’ అని రాయండి. ‘మండలాల వారీగా పట్టిక తయారు చేసి ఇవ్వండి’ అని మాత్రం రాయొద్దు. లేని సమాచారాన్ని కొత్తగా కూర్చి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, తిరస్కరించడానికి అదే దారి అవుతుంది. దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఎ4 పేజీకి 2 రూపాయల చొప్పున వెయ్యి పేజీలకు 2,000 కట్టేకంటే ఫైల్ అడగడమే మేలు. 30 రోజులు దాటితే సమాచారం ఉచితం, మొదటి అప్పీలు వేసుకోవడానికి మరో 30 రోజుల గడువు.

అపోహ: నల్లగొండ అంటే ఏ ఫైల్‌లోనైనా నల్లగొండే.

వాస్తవం: 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ కోడ్ 539, జనాభా దాదాపు 34.9 లక్షలు. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాక మిగిలింది 16 లక్షల పైచిలుకు. పాలమూరు (538) కూడా అప్పుడే చీలింది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. రెండు కాలాల ఫైళ్లను జిల్లా పేరుతో జోడించకండి. జనాభా లెక్కల్లోని ఊరి కోడ్‌తో జోడించి, కొత్త జిల్లాను పక్క నిలువు వరుసలో రాసుకోండి.