శామియానా వేయని ఊళ్లు

హనుమకొండలో ఏ పెట్రోలు బంకు దగ్గర నిలబడినా ఇప్పుడు ఒకటే చర్చ. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పోస్తే మైలేజీ పడిపోతోందా, లేదా? దీనిపై దాఖలైన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసినా మాట ఆగలేదు. పట్నం వాళ్లకు ఇథనాల్ ట్యాంకులోకి వచ్చాక కనబడింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గుండంపల్లి రైతులకు అది అంతకు ఎంతో ముందే పొలం గట్టు మీద ఫ్యాక్టరీ రూపంలో కనబడింది. అదే ఏడాది జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో రైతులు మరో ఇథనాల్ ఫ్యాక్టరీ పనులకు అడ్డుపడ్డారు. దాంతో దిలావర్‌పూర్ పేరు మళ్లీ వినిపిస్తోంది. ఇథనాల్ అంటే ధాన్యం, చెరకు వంటివాటి నుంచి తీసే ఆల్కహాలు. పెట్రోలులో ఎందుకు కలుపుతారో ఈపాటికి అందరూ చదివే ఉంటారు కాబట్టి అది వదిలేస్తాను.

పేచీ మొదలైంది గుండంపల్లిలో కాదు, ఢిల్లీలో. 2021 జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి ముందుకు జరుపుతున్నట్టు ప్రధాని ప్రకటించారు. పదకొండు రోజులు తిరక్కుండానే, జూన్ 16న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని చుక్క కూడా బయటికి వదలనని, తీసిన సరుకంతా పెట్రోలులో కలపడానికే ఇస్తానని చెబితే దాన్ని బీ2 కేటగిరీలో చేరుస్తామని అందులో ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం బీ2 ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. గెజెట్‌లో ఇది కొన్ని వాక్యాల మార్పు. ఆ తర్వాత ఇథనాల్ ఊళ్లలో జరిగిన గొడవల్లో చాలావాటికి మూలం ఆ వాక్యాల్లోనే ఉందని నా అభిప్రాయం.

ప్రజాభిప్రాయ సేకరణ ఎలా ఉంటుందో సింగరేణి ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. ఓపెన్‌కాస్టు గని వస్తోందంటే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. ఆ రోజు శామియానా వేస్తారు, బారికేడ్లు కడతారు, పోలీసులను దింపుతారు. కలెక్టరో, ఆయన తరఫు అధికారో కూర్చుంటారు. మొత్తం వీడియో తీయాలి. చివర్లో అభ్యంతరాలను జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఇందులో తంతు పాలే ఎక్కువ, కాదనను. ముందు వరుసల్లో ఎవరు కూర్చుంటారో, ఎవరి పేరు ముందు పిలుస్తారో తెలిసిన సంగతే. అయినా, పేలుళ్లకు ఇంటి గోడ పగిలిందని ఒక పెద్దావిడ మైకు పట్టుకుని చెబితే ఆ మాట కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ కాగితం అనుమతి ఫైలుతో పాటు పోతుంది. 1997లో వచ్చిన ఏర్పాటు ఇది. సామాన్యుడి నోటిమాట సర్కారు ఫైలులోకి నేరుగా వెళ్లే దారులు మన దగ్గర చాలా తక్కువ. ఇథనాల్ ఊళ్లకు ఆ ఒక్కటీ మూసేశారు.

పోనీ, ఈ పరిశ్రమ అంత నిరపాయమైనదా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అతిగా కాలుష్యం కలిగించేవిగా గుర్తించిన 17 రకాల పరిశ్రమల జాబితాలో డిస్టిలరీలు ఉన్నాయి. ఒక చేత్తో ఆ జాబితాలో పెట్టి, రెండో చేత్తో ఊరిని అడగక్కర్లేదని రాశారు.

దిలావర్‌పూర్‌లో జరిగింది క్లుప్తంగా ఇదీ. శ్రీరాంసాగర్ వెనుక జలాలకు దగ్గరి ప్రాంతం. బోర్లు, కాలువలు, రెండు పంటలు. గోడలు లేస్తుంటే గానీ ఏం కడుతున్నారో ఊరికి పూర్తిగా తెలియలేదని గ్రామస్థులు చెబుతూ వచ్చారు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీపై 2023 అక్టోబరులో జరిగిన ఘర్షణ సంగతీ అప్పటికే అందరికీ తెలుసు. 2024 ఆరంభంలోనే ఇక్కడ ఫ్యాక్టరీ దగ్గర విధ్వంసం జరిగింది. ఆ తర్వాత నెలల తరబడి దీక్షలు, వినతిపత్రాలు. నవంబరు 26న నిర్మల్–భైంసా రహదారి మీద జనం బైఠాయించారు. మాట్లాడటానికి వచ్చిన ఆర్డీవో గంటల తరబడి కారులోనే ఉండిపోవాల్సి వచ్చింది. రాత్రి పోలీసులు బయటికి తెచ్చారు. మరునాడూ ఉద్రిక్తతే. చివరికి పనులు ఆపుతున్నట్టు కలెక్టరు ప్రకటించారు. అధికారిని అలా నిర్బంధించడం తప్పే. కానీ జనం ఆ రెండు రోజులు రోడ్డు మీద అడిగినవి చూడండి. నీళ్లు ఎక్కడివి, వాసన ఎటు పోతుంది, మురుగు ఎక్కడ వదులుతారు? శామియానా కింద అడగాల్సిన ప్రశ్నలే అన్నీ.

ఆ తర్వాతే పార్టీలు మేలుకున్నాయి. అనుమతులు మీ హయాంలోవంటే, మీరు ఎందుకు ఆపలేదని రెండు పెద్ద పార్టీలు వాదులాడుకున్నాయి. ఆ వాదులాటలో ఒక పనికొచ్చే సంగతి బయటపడింది. కేంద్రం నుంచి వచ్చిన అనుమతి ఇంధన ఇథనాల్‌కు మాత్రమేనని, గత రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఇతర రకాల ఆల్కహాలుకూ పచ్చజెండా ఊపిందని కొత్త ప్రభుత్వం ఆరోపించింది. అది నిజమైతే బీ2 మినహాయింపుకు ఆధారమే ఉండదు. సరుకంతా పెట్రోలుకే అన్న షరతు మీదే గదా ఊరిని అడగకుండా వదిలేసింది! ఈ మాట మీద ఒక్క పార్టీ అయినా గట్టిగా నిలబడి ఉంటే బాగుండేది. ఎవరి ఫైలు అన్న దాని మీదే అందరూ ఆగిపోయారు.

అందుకే ఇలాంటి చోట్ల మూడో పక్షం అవసరం పడుతుంది. అటు సర్కారు కాదు, ఇటు ఓట్లకొచ్చే పార్టీ కాదు. వరంగల్‌కు ఈ అలవాటు పాతదే. పిల్లల వైద్యుడు డాక్టర్ ఎ. రామనాథం పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడిగా ఉంటూ 1985 సెప్టెంబరు 3న తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. మఫ్టీలో వచ్చిన పోలీసుల పనే అని పౌరహక్కుల సంఘాలు అప్పటి నుంచీ చెబుతున్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ కూడా ఆ సంఘం మనిషే. ఊరికి వెళ్లడం, రెండు వైపులా వినడం, కాగితం మీద పెట్టడం అనే నిజనిర్ధారణ పద్ధతి ఎన్‌కౌంటర్ల కాలంలో ఇక్కడ బాగా పదునెక్కింది. 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక దాన్ని విస్థాపన, కాలుష్యం దాకా తీసుకువెళ్లింది. శామియానా వేయని ఊళ్లలో ఆ నివేదికే ఊరి మాటకు మిగిలిన కాగితం.

ఓటును అర్జీగా మార్చిన ఊళ్లూ ఉన్నాయి. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయని 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి నిలబడితే ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. దిలావర్‌పూర్‌కు గోదావరి ఆవలి ఒడ్డున నిజామాబాద్‌లో 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు బరిలోకి దిగి అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చారు.

కంపెనీల వాదనా ఉంది. టన్ను నూకల నుంచి దాదాపు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మక్కలకు, పాడైన ధాన్యానికి కొనేవాడు దొరుకుతాడు. స్థానికులకు ఉద్యోగాలు వస్తాయి. మురుగును ఆవిరి చేసి, మిగిలిన పిప్పిని పశువుల దాణాగా అమ్ముతాం కాబట్టి చుక్క బయటికి రాదు అంటారు. యంత్రాలన్నీ సవ్యంగా నడిస్తే అది సాధ్యమే. రాత్రి రెండింటికి నడుస్తున్నాయో లేదో చూసేదెవరన్నదే ఊరి సందేహం.

ఆరోగ్యం సంగతి అన్నింటికన్నా వెనక పడింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరాలు, కాన్పులు, టీబీ కేసులు రాస్తారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది, మంచిదే. అది జబ్బు చేశాక పనికొచ్చేది. ఫ్యాక్టరీ రాకముందు ఊళ్లో ఎంతమందికి ఆయాసం ఉంది, ఎంతమందికి చర్మవ్యాధులు ఉన్నాయి అన్న లెక్క లేకపోతే, పదేళ్ల తర్వాత రుజువు చేయాల్సిన భారం ఊరి మీదే పడుతుంది. నిర్మల్‌లో 2023 సెప్టెంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నిబంధన ప్రకారం అక్కడ ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, ఇంటింటికీ వెళ్లి బీపీ, రక్తహీనత వంటివి నమోదు చేయాలి. దిలావర్‌పూర్ అక్కడికి దూరమేమీ కాదు. ఏ ఊళ్లను దత్తత తీసుకున్నారో, పేర్లు తీసేసి ఊరివారీ లెక్క ఎంతో చెప్పమని ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము పది రూపాయలు.