సియర్‌ని లాగాలా, గాలిని తిప్పాలా: సోలినాయిడ్ తగువు వెనక కథ

పాత మెకానికల్ పెయింట్‌బాల్ మార్కర్లను (రంగు బంతులు కాల్చే గాలి తుపాకులను) ఇంట్లోనే ఎలక్ట్రానిక్‌గా మార్చుకునే వాళ్ల మధ్య సోలినాయిడ్ గొడవ మళ్లీ రాజుకుంది. సోలినాయిడ్ అంటే కరెంటు పారితే ఇనుప కడ్డీని లోపలికి లాగే తీగచుట్ట, అంటే కాయిల్. బలమైనది ఒకటి కొంటే చాలు, ట్రిగ్గర్ నొక్కితే తప్పుకునే సియర్ అనే కొక్కేన్ని లాగేస్తుంది, పని అయిపోతుందని ఒక వర్గం అంటోంది. అసలు సియర్ జోలికే వెళ్లొద్దు, చిన్న వాల్వ్ పెట్టి గాలితో పని చేయించుకోండని రెండో వర్గం. మెకానికల్ మార్కర్లకు కొన్నేళ్లుగా మళ్లీ ఆదరణ పెరగడంతో ఆటోకాకర్ లాంటి పాత మోడళ్లు అటక దిగాయి. వాటితోపాటే ఈ తగువూ దిగింది.

1981లో న్యూ హాంప్‌షైర్ అడవిలో జరిగిన మొదటి ఆట, అంతకుముందు చెట్లకు గుర్తులు వేసిన నెల్‌స్పాట్ తుపాకులు... ఆ కథ ఈ ఆట తెలిసినవాళ్లకు కొత్త కాదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1990ల మధ్యకు వస్తే సరిపోతుంది.

మెకానికల్ మార్కర్‌లో హ్యామర్ అనే బరువైన ముక్క స్ప్రింగ్ ఒత్తిడి మీద ఆగి ఉంటుంది. దాన్ని ఆపి ఉంచే చిన్న కొక్కెం పేరే సియర్. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం తప్పుకుంటుంది, హ్యామర్ ముందుకు దూకి వాల్వ్‌ని కొడుతుంది, గాలి బంతిని తోస్తుంది. దీన్ని ఎలక్ట్రానిక్ చేయాలంటే ఎవరికైనా మొదట తట్టే ఆలోచన ఒకటే: వేలు చేసే పనిని కాయిల్‌తో చేయించడం.

1996లో అమెరికాలో స్మార్ట్ పార్ట్స్ కంపెనీ షాకర్ తెచ్చింది. దాదాపు అదే సమయంలో బ్రిటన్ నుంచి డబ్ల్యూడీపీ వాళ్ల ఏంజెల్ వచ్చింది. నా దృష్టిలో మలుపు ఇదే. ఏంజెల్‌లో హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్ లేదు. తక్కువ ఒత్తిడి గాలి ర్యామ్ అనే చిన్న పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, మళ్లీ వెనక్కి తెస్తుంది. సోలినాయిడ్ ఆ గాలి దారి మార్చి ఊరుకుంటుంది. బరువు మోసేది గాలి. ఇక్కడ సోలినాయిడ్ కూలీ కాదు, మేస్త్రీ.

అలా గాలి దారి మార్చే సోలినాయిడ్ వాల్వ్ ఈ ఆట కోసం పుట్టింది కూడా కాదు. ఎస్‌ఎంసీ, ఫెస్టో, మ్యాక్, హంఫ్రీ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీ మెషీన్ల కోసం చేసే జాతిదే. జీడిమెట్లలో మాత్రలను స్ట్రిప్పుల్లో నింపే మెషీన్ ప్యానెల్ తెరిస్తే ఇలాంటివే వరసగా కూర్చుని టిక్కు టిక్కుమంటుంటాయి. నేను మెయింటెనెన్స్‌లో ఉన్న రోజుల్లో వాటి మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండేవి, అంతే. ఒక వాట్ కూడా తినని కాయిల్ రోజంతా, నెలల తరబడి సిలిండర్లను ఆడించేది. అందులో కిటుకేమీ లేదు. వాటిలో ఎక్కువ భాగం పైలట్ వాల్వులు. కాయిల్ సూది మొనంత రంధ్రం తెరుస్తుంది, ఆ రంధ్రం గుండా వచ్చిన గాలే అసలు వాల్వ్‌ని జరుపుతుంది.

సియర్ లాగే పద్ధతి వెనక కూడా నిజమైన చరిత్ర ఉంది. ఎయిర్‌గన్ డిజైన్స్ వాళ్ల ఈ-మ్యాగ్ అలాగే పనిచేసింది. టిప్‌మన్ ఏ-5కి వచ్చిన ఈ-గ్రిప్, కింగ్‌మన్ స్పైడర్ ఎలక్ట్రానిక్ మోడళ్లూ అంతే. అవన్నీ ఫ్యాక్టరీలో సియర్ బరువు, దాని కదలిక, కాయిల్ కొలతలు ఒకదానికొకటి సరిపోయేలా చూసుకుని చేసినవి. ఈ-మ్యాగ్‌కి మామూలు 9 వోల్టుల బ్యాటరీ కాకుండా బరువైన రీఛార్జబుల్ ప్యాక్ ఎందుకు పెట్టారో ఇప్పటి తగువులో ఎవరూ అడగడం లేదు.

అడగాలి. ఎందుకంటే సోలినాయిడ్ లాగే బలం ప్లంజర్‌కీ (అది లాగే ఇనుప కడ్డీకీ) దాని ఎదుటి ఇనుముకీ మధ్య ఉండే ఖాళీ మీద ఆధారపడుతుంది. ఖాళీ రెట్టింపైతే బలం సుమారుగా నాలుగో వంతుకు పడిపోతుంది. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు ప్లంజర్ పూర్తిగా లోపలికి వెళ్లాక ఉండే బలం. సియర్‌కి బలం కావాల్సింది మాత్రం కదలిక మొదలయ్యే క్షణంలో, అంటే ఖాళీ ఎక్కువగా ఉన్నప్పుడు. దానికి వేడి తోడవుతుంది. కాయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే రాగి నిరోధం 20 శాతం దాకా పెరుగుతుంది, అదే వోల్టేజీకి కరెంటు తగ్గుతుంది, లాగే బలం దాదాపు 30 శాతం పోతుంది. పైగా 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఒకటి రెండు ఆంపియర్లు లాగితే దాని వోల్టేజీ అక్కడే కుంగిపోతుంది. టేబుల్ మీద పది షాట్లు బ్రహ్మాండంగా కొట్టిన మార్కర్ గ్రౌండ్‌లో మూడో ఆటకి మొరాయించడం వెనక ఉన్నది ఇదే.

సామాన్లు తూచే చిన్న స్ప్రింగ్ త్రాసు ఉంటే ఎవరైనా చూసుకోవచ్చు. గాలి ట్యాంకు తీసేసి, హ్యామర్ కాక్ చేసి, త్రాసు కొక్కేన్ని సియర్ చివర తగిలించి నెమ్మదిగా లాగండి. ముల్లు పైకి పోతూ పోతూ, సియర్ జారే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ అంకె రాసుకోండి. కొనబోయే సోలినాయిడ్ అంత బలం మొదటి మిల్లీమీటర్‌లోనే ఇవ్వాలి, చల్లగా ఉన్నప్పుడే కాదు, కాలిపోతున్నప్పుడు కూడా. నా ఆటోకాకర్ ఫ్రేమ్ (ట్రిగ్గర్ ఉండే పిడి భాగం) మీద ఈ పరీక్ష చేశాక అప్పటికి నేను ఎంచుకున్న సోలినాయిడ్లు మూడూ పనికిరావని తేలింది.

ఆటోకాకర్ దగ్గరే కొంచెం ఆగాలి, గొడవలో సగం దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి. దాని ముందు భాగంలో గాలితో నడిచే చిన్న ర్యామ్ ఉంటుంది. ప్రతి షాట్ తర్వాత హ్యామర్‌ని, బోల్ట్‌ని వెనక్కి లాగి మళ్లీ సిద్ధం చేసేది అదే. 2000ల మొదట్లో ప్లానెట్ ఎక్లిప్స్ కంపెనీ ఈ మార్కర్ కోసం ఈ-బ్లేడ్ అనే ఎలక్ట్రానిక్ ఫ్రేమ్ తెచ్చింది. అందులో రెండు సోలినాయిడ్లు. ఒకటి సియర్‌ని వదిలించడానికి, రెండోది ర్యామ్‌కి గాలి తిప్పడానికి. బలం కావాల్సిన చోట ఒక రకం, దారి మార్చాల్సిన చోట ఇంకో రకం. ఈ-బ్లేడ్‌ని రెండు వర్గాలూ తమ సాక్షిగా చూపిస్తున్నాయి. కానీ అందులోని సియర్ భాగం కూడా ఆ ఒక్క మార్కర్ కొలతలకే చేసింది. బజారులో దొరికే ఏదో ఒక పుల్ సోలినాయిడ్ తెచ్చి దాని స్థానంలో పెడతామంటే కుదిరే పని కాదు.

వాల్వ్ వైపు వెళ్లేవాళ్లు పప్పులో కాలేసేది పేరు దగ్గర. ఆటోకాకర్‌లో ర్యామ్‌కి గాలి తిప్పే మెకానికల్ భాగాన్ని ఆటగాళ్లు మొదటి నుంచీ త్రీ-వే అంటారు. అది చేసే పని మాత్రం ఫోర్-వే వాల్వ్ పని: ర్యామ్‌కి ఒక వైపు గాలి ఇస్తూ రెండో వైపు గాలిని బయటికి వదలాలి, తర్వాతి క్షణంలో అటుదిటు చేయాలి. ఫ్యాక్టరీ భాషలో దీన్ని 5/2 వాల్వ్ అంటారు, అంటే ఐదు గాలి దారులు, రెండు స్థితులు. నేను త్రీ-వే అన్న పేరు నమ్మి 3/2 వాల్వ్ తెప్పించుకున్నాను. ర్యామ్ వెనక్కి వెళ్లింది, ముందుకు రాలేదు. ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) మార్చాను, రెగ్యులేటర్ విప్పి చూశాను, రెండు ఆదివారాలు పోయాయి. చివరికి వాల్వ్ పక్కన అచ్చు వేసి ఉన్న చిన్న బొమ్మలో గడులూ బాణాలూ లెక్కపెట్టాక గానీ అర్థం కాలేదు.

ఒత్తిడి ఇంకో సంగతి. ట్యాంకులో గాలి 3000 లేదా 4500 పీఎస్‌ఐ ఉంటుంది, మామూలు ట్యాంకు రెగ్యులేటర్ నుంచి 800 దగ్గర బయటికొస్తుంది. ఈ చిన్న వాల్వుల్లో చాలావాటి హద్దు 0.7 మెగాపాస్కల్, అంటే సుమారు 100 పీఎస్‌ఐ. కాబట్టి మధ్యలో లో ప్రెషర్ రెగ్యులేటర్ లేనిదే వాల్వ్ పెట్టకూడదు. పైలట్ రకానికి కింది హద్దు కూడా ఉంటుంది, చాలా మోడళ్లలో అది 20 పీఎస్‌ఐ పైచిలుకు. అంతకన్నా తగ్గితే కాయిల్ టిక్కుమంటుంది గానీ వాల్వ్ కదలదు.

ఈ రెండు పద్ధతుల తగువు పేటెంట్ల వల్లే పుట్టిందని వాదించేవాళ్లూ ఉన్నారు. స్మార్ట్ పార్ట్స్ 1996 నాటి దరఖాస్తుల మీద వచ్చిన పేటెంట్లతో తోటి తయారీదారుల మీదికి వెళ్లిన మాట నిజం. డబ్ల్యూడీపీతోనూ కోర్టులో తలపడింది. స్మార్ట్ పార్ట్స్ 2010లో మూతపడింది, ఆ పేటెంట్ల 20 ఏళ్ల గడువు కూడా తీరిపోయింది. ఇవాళ బల్ల ముందు కూర్చుని ఏ కాయిల్ కొనాలా అని ఆలోచించేవాడికి ఆ కేసులతో పని లేదు.

సియర్ వర్గం గట్టిగా పట్టుకున్న ఆరోపణ ఒకటుంది: వాల్వ్ నెమ్మది అని. దీనికి రుజువుగా, ర్యామ్ ఆలస్యంగా తిరిగొచ్చే మార్కర్లను చూపిస్తున్నారు. ఎన్‌ఎక్స్‌ఎల్ అనే పెయింట్‌బాల్ లీగ్ టోర్నమెంట్లలో వేగం హద్దు సెకనుకు 10.2 బంతులు. అంటే ఒక్కో షాట్‌కి దాదాపు 98 మిల్లీసెకన్ల సమయం. మంచి వాల్వ్ స్పందన పది పన్నెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. మరి ఆ ఆలస్యం ఎక్కడిది? నా దగ్గరికి వచ్చిన అలాంటి ఫ్రేమ్ ఒకటి విప్పితే, కాయిల్ ఆపినప్పుడు పుట్టే వోల్టేజీ నుంచి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ని కాపాడటానికి కాయిల్‌కి అడ్డంగా మామూలు డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే భాగం) ఒక్కటే కనిపించింది. అది ఉంటే స్విచ్ ఆపాక కూడా కరెంటు కాయిల్లోనే కాసేపు తిరుగుతూ ఉంటుంది, వాల్వ్ వెంటనే వదలదు. డయోడ్‌కి వరసలో, వోల్టేజీ లెక్క చూసుకుని, ఒక జీనర్‌ని (నిర్ణీత వోల్టేజీ దాటితేనే ఎదురు దిశలో కరెంటు పోనిచ్చే డయోడ్‌ని) ఎదురుగా కలిపాను, దాంతో ఆ కరెంటు త్వరగా ఆగిపోతుంది. వాల్వ్ అదే, బ్యాటరీ అదే. ర్యామ్ చప్పుడు మాత్రం మారింది: ఇదివరకు సాగదీసినట్టు వచ్చే 'టక్... కుస్' ఇప్పుడు ఒకే దెబ్బలో తెగుతోంది.