బెలెనో ఆర్‌ఎస్: అపోహలు - వాస్తవాలు

మారుతి సుజుకి 2017 మార్చిలో 8.69 లక్షల రూపాయల ఢిల్లీ ఎక్స్‌షోరూం ధరకు విడుదల చేసి, బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రాబోతుండగా 2020 ఆరంభంలో ఆపేసిన బెలెనో ఆర్‌ఎస్ కారు గురించి, అది షోరూముల్లో ఉన్న రోజులకంటే సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాకే ఎక్కువ మంది అడుగుతున్నారు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ బండ్ల మరమ్మతు, కొనేవారి తరఫున పాత కార్లను పరీక్షించి చెప్పడం నా వృత్తి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ కారుతోపాటు మా షెడ్డుకు వచ్చే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆర్‌ఎస్ అంటే మామూలు బెలెనోకు వేరే బంపరు, నల్ల అల్లాయ్ చక్రాలు, ఒక బ్యాడ్జి తగిలించడమే.

వాస్తవం: బయటి నుంచి చూసి అలా అనుకోవడంలో తప్పు లేదు. పక్కింటివారు కూడా గుర్తుపట్టనంత సాదాగా కంపెనీ దీన్ని తెచ్చింది. తేడా అంతా బానెట్ కింద ఉంది. అప్పటి మామూలు పెట్రోల్ బెలెనోలోని 1197 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్ సుమారు 84 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 115 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇస్తే, ఆర్‌ఎస్‌లోని 998 సీసీ మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ ఇంజన్ టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్‌ల (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) సాయంతో 102 పీఎస్‌ను, 150 న్యూటన్ మీటర్లను ఇస్తుంది. రోడ్డు మీద తెలిసేది ప్రధానంగా టార్క్‌లోని తేడాయే. మామూలు ఇంజన్ 4000 ఆర్‌పీఎం దగ్గరికి చేరితేగాని పూర్తి బలం చూపదు. ఇది 1700 నుంచి 4500 వరకు ఒకే బలంతో లాగుతుంది కనుక హైవే మీద లారీని దాటేటప్పుడు చాలాసార్లు గేరు దించే అవసరమే రాదు. దానికి తగ్గట్టు వెనుక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులు ఇచ్చారు. అయితే దీన్ని రేసు కారుగా ఊహించుకుని కొన్నవారు నిరాశపడతారు. చురుకైన కుటుంబ కారు అనడమే న్యాయం.

బయటి తేడా ఇంత తక్కువ కావడం వల్ల మోసానికీ వీలుంది. మామూలు బెలెనోకు ఆర్‌ఎస్ బంపరు, గ్రిల్ బిగించి, బ్యాడ్జి అంటించి ఎక్కువ ధర చెప్పేవారు ఉంటారు. దీన్ని పట్టుకోవడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు: ఆర్సీలో క్యూబిక్ కెపాసిటీ 998 అని, సిలిండర్ల సంఖ్య 3 అని ఉండాలి. 1197, 4 అని కనిపిస్తే మిగతాదంతా అలంకారమే. తర్వాత వంగి వెనుక చక్రం చువ్వల మధ్య నుంచి చూడండి; మెరిసే డిస్కు ఉండాల్సిన చోట డ్రమ్ము ఉంటే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

అపోహ: పికప్ ఎక్కువ ఉన్న బండి కాబట్టి ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే అవుతుంది.

వాస్తవం: థర్డ్ పార్టీ ప్రీమియంను ఇంజన్ సీసీని బట్టి నిర్ణయిస్తారు తప్ప పీఎస్‌ను బట్టి కాదు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 సీసీ మించని కారుకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు 3,416 రూపాయలు. అంటే ఈ లెక్కలో ఆర్‌ఎస్ తన మామూలు అన్నగారి కంటే తక్కువే కడుతుంది.

అపోహ: కంపెనీ ఇంజన్ బలాన్ని తొక్కిపెట్టింది, రీమ్యాప్ చేయిస్తే (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్పిస్తే) అసలు బలం బయటికి వస్తుంది.

వాస్తవం: దీనిలో సగం నిజం ఉంది. యూరప్‌లో అమ్మిన బెలెనోలో ఇదే బూస్టర్‌జెట్ 111 పీఎస్‌ను, 170 న్యూటన్ మీటర్లను ఇచ్చేది. మన దేశానికి వచ్చేసరికి తగ్గించారు. అక్కడి సాధారణ పెట్రోలు 95 ఆక్టేన్ (పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే సామర్థ్యపు కొలత) అయితే, ఈ కారు వచ్చిన నాటికి మన బంకుల్లో సాధారణంగా దొరికింది 91 ఆక్టేన్. టర్బో ఒత్తిడి పెంచేకొద్దీ, స్పార్క్ వెలిగించిన మంట చేరకముందే మిగిలిన ఇంధనం తనంతట తాను అంటుకుని ఇంజన్ నాక్ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి అది తొక్కిపెట్టిన బలం కాదు, మన పెట్రోలుకు తగ్గట్టు ఉంచిన జాగ్రత్త. రీమ్యాప్ చేసే వ్యక్తి దాన్నే తీసేస్తాడు, దాని భారం పిస్టన్ల మీద, క్లచ్ మీద పడుతుంది. పైగా ఆ మార్పును బీమా కంపెనీకి చెప్పకపోతే రేపు క్లెయిమ్‌కు అదే అడ్డం కావచ్చు. నా దగ్గరికి రీమ్యాప్ చేసిన ఆర్‌ఎస్ వస్తే, కొనేవారికి వద్దనే చెబుతాను.

ఖరీదైన ప్రీమియం పెట్రోలు తప్పనిసరి అనే మాటకు కూడా సమాధానం ఇదే. మార్పులు చేయని బండికి అది అవసరం లేదు.

అపోహ: మైలేజీ కోసం ఎప్పుడూ పై గేరులోనే నడపాలి.

వాస్తవం: ఈ ఇంజన్‌కు అత్యంత హాని చేసే సలహా ఇదే. వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ లెక్కలో ఇది లీటరుకు 21.1 కిలోమీటర్లు ఇచ్చినా, ఆ అంకె కోసం నలభై వేగంలో ఐదో గేరు వేసి యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ మీద ఒత్తిడి విపరీతంగా పెరిగి, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు ప్రత్యేకంగా ఉండే ముందస్తు దహనం (స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకోవడం) అనే సమస్య తలెత్తవచ్చు. అది తీవ్రమైతే పిస్టన్ పగిలే వరకూ వెళుతుంది. బలం కావాలనుకున్నప్పుడు గేరు దించి తొక్కడం ఒక్కటే దీనికి విరుగుడు. ఇదే ఇంజన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే టర్బో చల్లగా ఉంటుందని నమ్మే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగల టర్బో షాఫ్ట్ సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ పనిచేస్తుంది కాబట్టి, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడ్ సింథటిక్ ఆయిల్‌నే సమయానికి మార్చాలి.

అపోహ: పెట్రోల్ ట్యాంకులో క్లీనర్ డబ్బా పోస్తే వాల్వుల మీది మసి పోతుంది.

వాస్తవం: మామూలు బెలెనోలో కొంత పోవచ్చు, అక్కడ పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగానే లోపలికి వెళుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది కనుక వాల్వు వెనుక వైపు పేరుకున్న మసిని ట్యాంకులో పోసిన ఏ మందూ తాకదు. ఇంజెక్టర్ మొనలకు మాత్రం ఉపయోగం ఉంటుంది.

అపోహ: రీకాల్ అయిన మోడల్, కొనకూడదు.

వాస్తవం: 2016 అక్టోబర్ 27 నుంచి 2019 నవంబర్ 1 మధ్య తయారైన 7,213 ఆర్‌ఎస్‌లను కంపెనీ 2023 ఏప్రిల్‌లో వాక్యూమ్ పంపు లోపం ఉండవచ్చని వెనక్కి పిలిచింది. మామూలు బెలెనో ఒక మంచి నెలలో ఇంతకు రెట్టింపు అమ్ముడయ్యేది. ఆర్‌ఎస్ ఎంత అరుదో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.

పెడల్ మీది కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేయడానికి వాక్యూమ్ కావాలి. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌లో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచే దొరుకుతుంది. టర్బో గాలిని నెడుతున్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు కనుక ఆ పని కోసం పంపు పెడతారు. అది బలహీనపడితే బ్రేకులు అసలే పడకపోవడం ఉండదు గానీ, పెడల్‌ను మామూలు కంటే గట్టిగా తొక్కాల్సి వస్తుంది. కొనే ముందు ఇలా చూడండి: ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడే వరకు నాలుగైదుసార్లు తొక్కి, అలాగే కాలు అదిమి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే వాక్యూమ్ అందడం లేదు. దిగినా సరే, ఛాసిస్ నంబరు తీసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఆ రీకాల్ పని పూర్తయిందో లేదో అడగండి. పూర్తయిన బండి విషయంలో రీకాల్‌ను సాకుగా చూపి ధర తగ్గించమనడం సబబు కాదు.

అపోహ: మోడల్ ఆగిపోయింది, విడిభాగాలు దొరకవు.

వాస్తవం: తలుపులు, అద్దాలు, సస్పెన్షన్‌లో చాలా భాగం మామూలు బెలెనోవే. 2023లో ఫ్రాంక్స్‌లో బూస్టర్‌జెట్ తిరిగి వచ్చింది, కానీ దానికి మైల్డ్ హైబ్రిడ్ (ఇంజన్‌కు చిన్న విద్యుత్ మోటారు సాయం చేసే) వ్యవస్థ తోడైంది కాబట్టి ఇంజన్ పేరు ఒకటేనని దాని భాగాలు దీనికి సరిపోతాయని అనుకోకుండా పార్ట్ నంబరు సరిచూసుకోవాలి. వెతుక్కోవాల్సి వచ్చేది ముఖ్యంగా ఆర్‌ఎస్‌కే ప్రత్యేకమైన బంపర్లు, గ్రిల్. ముందు బంపరు పగిలిన బండిని కొంటుంటే, కొత్తది ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో తెలుసుకున్న తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.