దిష్టినీళ్ళతో సముద్రాన్ని కొలవడం

పళ్ళెంలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు, కందిగింజంత తమలపాకు సున్నం కలిపితే ఎర్రనీళ్ళు తయారు. కొత్త పెళ్ళికూతురు గడప దగ్గర ఆగినప్పుడో, బాలింత బిడ్డతో ఇంటికొచ్చినప్పుడో వాటిని తిప్పి వీధిలో పారబోస్తారు. ఆ ఎరుపుకు ఎవరి కళ్ళ సంగతీ తెలీదు, దానికి తెలిసింది సున్నం ఒక్కటే. అదే పళ్ళెంలో నిమ్మచెక్క పిండి చూడండి, ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. దిష్టి వెనక్కి వచ్చిందని ఎవరూ అనరు కదా!

2015 మే నెలలో హవాయి దగ్గర కీలో మోవానా అనే పరిశోధన నౌక మీద జరిగిన పరీక్షలో నెగ్గింది దాదాపు ఇదే కిటుకు. వెండీ ష్మిట్ ఓషన్ హెల్త్ ఎక్స్‌ప్రైజ్ పేరుతో 20 లక్షల డాలర్ల పోటీ పెట్టారు. సముద్రపు నీటి పీహెచ్‌ను (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) కచ్చితంగా, చవగ్గా కొలిచే పరికరం కావాలన్నారు. ముందు మాంటెరే బేలోని పరిశోధన సంస్థ తొట్లలో, తర్వాత సియాటిల్ అక్వేరియం ఒడ్డున, చివరికి నడిసముద్రంలో 3000 మీటర్ల లోతు దాకా పరీక్షించారు. కచ్చితత్వంలోనూ, చవకలోనూ మొదటి బహుమతి సన్‌బర్స్ట్ సెన్సర్స్‌కే వచ్చింది. ఆ కంపెనీ ఊరు మిజూలా. అది ఉన్న మోంటానా రాష్ట్రానికి సముద్రమే లేదు.

సముద్రం ఆమ్లం అవుతోందంటారు, దాని పీహెచ్ 8.1 అంటే క్షారమే కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, క్షారమే. జ్వరం 104 నుంచి 102కి దిగితే 'తగ్గుతోంది' అంటాం, పోయిందని అనం. ఇదీ అంతే, మాట నడక గురించి, గమ్యం గురించి కాదు. బడిలో ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని బట్టీ పట్టిస్తారు గానీ, అది ఒక్కో మెట్టుకు పదిరెట్లు మారే నిచ్చెన అని చెప్పరు. 8.2 నుంచి 8.1కి దిగడమంటే ఆమ్లత్వానికి మూలమైన హైడ్రోజన్ అయాన్లు 26 శాతం పెరగడం. అసలు అవి ఉన్నదే ఎంత? ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకును 8.1 ఉన్న సముద్రపు నీటితో నింపితే, మొత్తం కలిపి దాదాపు 8 మైక్రోగ్రాములు.

చిక్కంతా ఇక్కడుంది. బయటి సముద్రంలో పీహెచ్ ఏడాదికి 0.002 దరిదాపున తగ్గుతోంది. వాతావరణ మార్పును పట్టుకోవాలంటే కొలతలో అనిశ్చితి 0.003 దాటకూడదని ప్రమాణం పెట్టుకున్నారు. కాలేజీ ల్యాబులో ఉండే గాజు ఎలక్ట్రోడు భాషలోకి మారిస్తే 0.003 అంటే 0.18 మిల్లీవోల్టు, ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ మెట్టు 59.16 మిల్లీవోల్టులు. పైగా సీసాల్లో కొనే మామూలు బఫరు ద్రావణాల్లో (పీహెచ్ ముందే తెలిసినవి) ఉప్పు బాగా తక్కువ. వాటితో సరిచేసిన ఎలక్ట్రోడును సముద్రపు నీటిలో ముంచితే, దాని అడుగున ఉప్పు కారే సన్నని చోట కొత్త వోల్టేజి పుడుతుంది. అది రోజూ ఒకేలా ఉండదు. ఇంతకుమించి ఎలక్ట్రోడు గురించి చెప్పబుద్ధి కావడం లేదు. అసలు అందం రంగుది.

పసుపులో ఉండే కర్కుమిన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ పసుపు రంగు, వదిలేస్తే ఎరుపు. నీటిలో హైడ్రోజన్ అయాన్లు తగ్గేకొద్దీ వదిలేసేవి ఎక్కువవుతాయి. ఇప్పుడు చిటికెడు బదులు చెంచాడు పసుపు వేస్తే? రంగు చిక్కబడుతుంది. కానీ పట్టుకున్నవాటికీ వదిలేసినవాటికీ మధ్య నిష్పత్తిని నిర్ణయించేది సున్నమే, చెంచా కాదు. రంగును బట్టి కొలిచే పద్ధతి బలమంతా ఇందులోనే ఉంది. ఎంత రంగు వేశామన్నది తెలియనక్కర్లేదు. నీటి గుండా వెలుగు పంపే దీపం కాస్త మసకబారినా, ముందు రంగు వేయని వట్టి నీటితో ఒక కొలత తీసుకుని దానితో పోలిస్తే ఆ మసక కొట్టుకుపోతుంది. తక్కెడలో తూకపురాళ్ళు పరికరంతోపాటే ప్రయాణిస్తున్నట్టు.

మరి పసుపే ఎందుకు వాడరు? అది నీటిలో సరిగా కరగదు, రేణువులు వెలుగును చెదరగొడతాయి. క్షారంలో నిలవదు, కాసేపట్లో విరిగిపోతుంది. అందుకని మెటా క్రెసాల్ పర్పుల్ అనే రంగు వాడతారు. అయాన్ పట్టుకుంటే ఇదీ పసుపే, వదిలేస్తే వంగపండు రంగు. సగం సగం అయ్యే చోటు సముద్రపు నీటిలో 8.0 దగ్గర. సముద్రానికి కొలత తీసి కుట్టినట్టు ఉంటుంది. పసుపు రూపం 434 నానోమీటర్ల వెలుగును, వంగపండు రూపం 578 నానోమీటర్ల వెలుగును బాగా మింగుతాయి. రెండో మింగుడును మొదటిదానితో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. దాన్ని పీహెచ్ కింద మార్చే, శాస్త్రవేత్తలు క్లేటన్, బర్న్ 1993లో ఇచ్చిన సమీకరణంలో వేస్తే, 25 డిగ్రీల వద్ద లవణీయత (కిలో నీటిలో ఉప్పు ఎన్ని గ్రాములో) 35 ఉన్న నీటికి నిష్పత్తి 2.00 అయితే పీహెచ్ 8.014, 2.02 అయితే 8.019. అంటే నిష్పత్తిలో ఒక్క శాతం తప్పు జరిగితే 0.005 పోయినట్టే. మనకున్న హద్దు 0.003 అని మరిచిపోవద్దు.

ఆ ఒక్క శాతం ఎక్కడెక్కడ జారిపోతుందో చూడాలి.

మొదటిది ఉష్ణోగ్రత. థర్మామీటరు ఒక డిగ్రీ తప్పు చెబితే, అదే నిష్పత్తికి పీహెచ్ 0.014 తప్పు వస్తుంది. అందుకని డిగ్రీలో పదోవంతు కూడా పరవాలేదనుకోకూడదు. రెండోది రంగే. రంగు కూడా ఒక బలహీన ఆమ్లం. కాబట్టి నీటిలో వేయగానే దాని పీహెచ్‌ను తనవైపు లాగుతుంది. జ్వరం చూడ్డానికి పెట్టిన థర్మామీటరే ఒంటిని చల్లబరిచినట్టు. విరుగుడు చాలా సులువు: ఒకసారి రంగు వేసి చదవాలి, మళ్ళీ అంతే వేసి చదవాలి, నిష్పత్తి ఎంత జరిగిందో చూసి, అసలు రంగే వేయకపోతే ఎక్కడ ఉండేదో వెనక్కి గీత గీసి తెలుసుకోవాలి. మూడోది కల్తీ. మార్కెట్లో దొరికే మెటా క్రెసాల్ పర్పుల్‌లో ఉండే మలినాలు 434 దగ్గర వెలుగు మింగుతాయి. కంపెనీని బట్టి, డబ్బాను బట్టి పీహెచ్‌లో 0.01 దాకా తేడా రావచ్చు. ఇప్పుడు శుద్ధి చేసిన రంగు వాడటం ఆనవాయితీ. వీటన్నిటికీ తోడు కొలబద్దే జరిగింది: 1993 సమీకరణానికి 0.0047 కలపాలని 1998లో తేలింది. సవరణే హద్దు కంటే పెద్దది!

ఇక ఓడ మీదికి. రోజెట్ అంటే గుండ్రని లోహపు చట్రం, దాని చుట్టూ కోరిన లోతులో మూసుకుని నీరు పట్టే 24 నిస్కిన్ సీసాలు, మధ్యలో ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కొలిచే సీటీడీ. కొత్త సెన్సర్‌ను ఈ చట్రానికే కట్టాలి. నీళ్ళు పీల్చే మూతి సీసాల ఎత్తులోనే ఉండాలి, చట్రం చిలికే నీరు దానికి తగలకూడదు. విన్చ్ (తీగ చుట్టే యంత్రం) మీద తీగ సాగుతుంది, చట్రం దిగుతుంది. రంగుతో కొలిచే పరికరానికి నీరు పీల్చి, వట్టి నీటి కొలత తీసి, రంగు కలిపి, చదవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నిమిషానికి 60 మీటర్లు దిగే తీగ మీద అది చదివిన నీరు ఏ లోతుదో చెప్పలేం. అందుకని ప్రతి లోతులోనూ ఆగి, రెండు మూడు కొలతలు పూర్తయ్యాక అక్కడే సీసా మూయాలి. పోటీలో కచ్చితత్వానికి రెండోస్థానం వచ్చిన డ్యూరాఫెట్ తరహా చిప్పులు రంగుతో కాక విద్యుత్తుతో కొలుస్తాయి, వాటికి ఈ బాధ లేదు, అవి సెకన్లలో చెబుతాయి. కాకపోతే వాటిని ముందు కొన్ని రోజులు సముద్రపు నీటిలో నానబెట్టాలి. లేకపోతే అందులోని క్లోరైడ్ ఎలక్ట్రోడు నీటిలోని బ్రోమైడుకు అలవాటు పడేదాకా అంకె జారుతూనే ఉంటుంది.

సీసాలు పైకొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. సెన్సర్‌ను తప్పుపట్టడానికి ముందు సీసా నీరు తప్పు చెప్పకుండా చూసుకోవాలి. సీసాకు తగిలించిన గొట్టాన్ని, వెలుగు పంపి చదివే గాజు పాత్ర (సెల్) అడుగు దాకా దించి, బుడగ లేకుండా, నిండి పొర్లేలా నింపి, గాలి మిగలకుండా మూత పెట్టాలి. నీటి మీద ఊపిరి పడినా కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. తర్వాత సెల్‌ను 25 డిగ్రీలకు తేవాలి. ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు. కిలోమీటరు లోతు నుంచి 4 డిగ్రీల నీరు వస్తుంది. వేడెక్కగానే అందులో కరిగిన వాయువులు గాజు లోపలి గోడకు ఆవగింజల్లాంటి బుడగలై అంటుకుంటాయి. వెలుగు దారిలో ఒక్కటి ఉన్నా కొలత పాడు. అందుకే రంగు మింగని 730 నానోమీటర్ల దగ్గర కూడా చదువుతారు. అక్కడ అంకె 0.001 కన్నా ఎక్కువ కదిలిందంటే బుడగో, వేలిముద్రో ఉన్నట్టు. తుడిచి, తిప్పి, మళ్ళీ చదవాలి. ఆశ్చర్యమేమిటంటే లోతులో ఉన్న సెన్సర్‌కు ఈ బెడద లేదు. అక్కడి ఒత్తిడికి బుడగ పుట్టనే పుట్టదు.

సీసా అంకెనూ సెన్సర్ అంకెనూ నేరుగా పోల్చకూడదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే పీహెచ్ 0.015 దాకా పడిపోతుంది. ల్యాబులో 7.4 చదివిన నీరు తన చోట, తన చలిలో 7.7 దగ్గర ఉంటుంది. మళ్ళీ ఒత్తిడి దాన్ని కిలోమీటరుకు 0.04 చొప్పున కిందికి లాగుతుంది. ఈ లెక్కకు క్షారత (నీరు ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదో) కూడా కొలవాలి, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఏయే రూపాల్లోకి విడిపోతుందో చెప్పే కార్బోనేట్ స్థిరాంకాలు నమ్మాలి. 3000 మీటర్ల దగ్గర సెన్సర్, సీసా 0.01 తేడా చూపిస్తే నేరం సెన్సర్‌ది కావచ్చు, స్థిరాంకాలది కావచ్చు. ఒత్తిడిలో రంగు స్వభావమూ మారుతుంది కాబట్టి దానిదీ కావచ్చు. విడదీయాలంటే ట్రిస్ బఫరును కృత్రిమ సముద్రపు నీటిలో కలిపి, 25 డిగ్రీల వద్ద 8.094 చూపాల్సిన ఆ ద్రావణంతో ఓడ ఎక్కే ముందూ దిగాకా సెన్సర్‌ను చదివించాలి. రెండుసార్లూ అంకె ఒకటే అయితే, తేడాకు కారణం వేరేచోట వెతకాలి.

బంగాళాఖాతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. వానాకాలం చివర గోదావరి, మహానది, గంగ–బ్రహ్మపుత్ర నీళ్ళు పైపొర మీద పరుచుకుని, ఉత్తర భాగంలో లవణీయత 30 కిందికి పడిపోతుంది. లవణీయత ఒక అంకె మారితే రంగు సగం సగం అయ్యే చోటు 0.002 కదులుతుంది. 5 అంకెలు మారితే 0.01 పైమాటే. క్లేటన్, బర్న్ కొలతలు 30 నుంచి 37 లవణీయత మధ్య చేసినవి. అంతకన్నా మంచినీళ్ళు కలిసిన చోట, 20 దాకా సరిపోయే 2011 సమీకరణం వాడాలి. హవాయిలో నెగ్గిన సెన్సర్‌ను సెట్టింగులు మార్చకుండా విశాఖ ఎదుట దించితే, అది తప్పును మూడు దశాంశాల దాకా కచ్చితంగా చూపిస్తుంది.

సముద్రంలో వాటంతటవే కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లు దిగి పైకొచ్చి కొలతలు పంపే ఆర్గో ఫ్లోట్లకు పీహెచ్ చిప్పు పెడుతున్నారు. మన వైపు వాటి సమాచారం హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. నీట వదిలిన ఫ్లోట్‌ను మళ్ళీ పట్టుకుని సరిచేయడం సాధారణంగా ఉండదు. దాని అంకె జారుతోందా అన్నది, పెద్దగా మారని 1500 మీటర్ల లోతు నీటితో పోల్చి తేలుస్తారు. అందుకే ఫ్లోట్‌ను వదిలే రోజున పక్కనే రోజెట్ దించి, అదే లోతు నుంచి సీసా నింపి, పైన చెప్పినట్టు రెండుసార్లు రంగు వేసి చదివి ఉంచుకోవాలి. ఆ సీసా తర్వాత దొరకదు.