మందు ఎక్కువ పడ్డ తూటా పేల్చాక తుపాకీ: అపోహలు - వాస్తవాలు

లైసెన్సున్న 12 బోర్ తుపాకులు మన ఉత్తర తెలంగాణలో తక్కువేం లేవు. తాతల నాటి నుంచి ఇంట్లో ఉన్న డబుల్ బ్యారెల్‌లు, బ్యాంకు గేటు దగ్గర నిలబడే మాజీ సైనికుల తుపాకులు, అడవి అంచు ఊళ్లలో పంట కాపలాకని లైసెన్సు తీసుకున్నవి, అన్నీ రిపేరుకు వరంగల్‌కే వస్తాయి. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది తుప్పు కాదు, విరిగిన స్ప్రింగూ కాదు. ఎవరో చేత్తో నింపిన తూటా పేల్చి, "జర గట్టిగ తన్నింది" అని తెచ్చే తుపాకీ.

అపోహ: గొట్టం పగల్లేదు, చేతికి ఏం కాలేదు. అంటే తుపాకీ బాగానే ఉంది.

"ఏం కాలే అన్నా, సాఫ్ చేసియ్యి సాలు" అంటారు. ఉక్కు గుణం తెలిసినవాళ్లు ఆ మాట అనరు. ఒత్తిడి ఒక హద్దులో ఉన్నంతసేపు ఉక్కు సాగి మళ్లీ తన కొలతకు వస్తుంది. హద్దు దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది. మామూలు 12 బోర్ తూటాకు యూరప్ ప్రమాణాల్లో పెట్టిన పై హద్దు 740 బార్. కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల చిల్లర. అంత ఒత్తిడికని కొలిచి చేసిన చాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోటు) రెండింతల మందు పడితే ఒత్తిడి రెండింతల దగ్గర ఆగదు. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది, ఆ వేగం ఒత్తిడిని ఇంకా పెంచుతుంది.

పగల్లేదంటే ఆ ఒక్కసారికి ఓర్చుకుందనే అర్థం. చాంబర్ గోడలో వెంట్రుకంత పగులు పడి ఉంటే, ఆ తర్వాత పేల్చే ప్రతి తూటాకూ, కంపెనీ తూటాకు కూడా, అది కొంచెం కొంచెం పాకుతుంది. పేల్చేటప్పుడు మీ ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా ఆ చాంబర్‌కు ముందే.

అందుకే తన్ను గానీ చప్పుడు గానీ తేడాగా అనిపించిన క్షణమే ఆపేయండి. మూతి మనిషీ పశువూ లేని దిక్కుకే ఉంచి, తుపాకీ తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీ చేయండి. రెండో గొట్టంలో ఉన్న తూటాను "ఎలాగూ ఉంది కదా" అని పేల్చొద్దు. ఖాళీ కేసు పారేయకుండా దాచండి, నాకు అది చాలా చెప్తుంది.

అపోహ: ఖాళీ కేసు మామూలుగానే ఉంది, క్యాప్ (కేసు అడుగున మందును అంటించే బిళ్ల) చదును కాలేదు. కాబట్టి ఒత్తిడి ఎక్కువ కాలేదు.

ఇది రైఫిల్ వాడినవాళ్ల నుంచి వచ్చిన నమ్మకం. రైఫిల్ తూటాల్లో 4,000 బార్ దాటేవి ఉన్నాయి. క్యాప్ చదునవ్వడం, ఇత్తడి మీద గుర్తులు పడడం ఆ స్థాయిలో చూడాల్సిన సంగతులు. 12 బోర్ తుపాకీ అక్కడిదాకా పోకముందే చెడిపోతుంది. కేసు పాడైతే ఒత్తిడి పెరిగిందని చెప్పొచ్చు. కేసు బాగుంటే పెరగలేదని మాత్రం చెప్పలేం. కేసు చాంబర్‌లో ఇరుక్కుని బలవంతంగా వచ్చిందా, ఇత్తడి మొదలు ఉబ్బిందా, నేను చూసేది అది.

అపోహ: బయట గీత కూడా లేదు, లోపల అద్దంలా మెరుస్తోంది.

మెరుపుకూ బలానికీ సంబంధం లేదు. ఉబ్బును నేను ఇట్లా చూస్తాను. గొట్టాలు విప్పి, బాగా తుడిచి, ట్యూబులైటు వైపు పట్టి లోపలికి చూస్తూ మెల్లగా తిప్పుతాను. లైటు నీడ గోడ వెంబడి తిన్నగా ఒక గీతలా జారాలి. ఎక్కడైనా ఆ గీత వంకర పోయిందంటే, ఉంగరంలా చీకటి చుట్టు కనిపించిందంటే, అక్కడ లోహం సాగినట్టే. తర్వాత వేళ్లకు నూనె రాసుకుని బయట నుంచి చాంబర్ మొదలుకొని మూతి దాకా పామతాను. కంటికి అందని ఉబ్బు వేలికి తగులుతుంది. ఆ పైన గేజీలతో బోరు, చాంబర్, గోడ మందం కొలుస్తాను.

పగుళ్లకు డై పెనెట్రంట్ పరీక్ష. రామగుండం, భూపాలపల్లి థర్మల్ కేంద్రాల్లో వెల్డింగ్ చెక్ చేసేవాళ్లకు ఇది రోజువారీ పని. మూడు డబ్బాలు: ఒకటి శుభ్రం చేసేది, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్ల పొడి. ఎర్ర రంగు కొట్టి కాసేపు ఆగి, తుడిచేసి, తెల్లది చల్లితే పగులులో దాక్కున్న రంగు పైకి ఊరుతుంది. ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కోసం చెక్కిన గాడి మూలలో, గొట్టాల అడుగున తుపాకీతో లాకయ్యే దిమ్మ (లంప్) మొదట్లో, చాంబర్ అంచున ఎక్కువ చూస్తాను. తెల్లటి పొడి మీద సన్నటి ఎర్ర గీత తేలిందంటే ఆ గొట్టం పని అయిపోయినట్టే. కానీ ఈ పరీక్ష పైకి తెరుచుకున్న పగుళ్లనే చూపిస్తుంది. గీత రాలేదని ఒక్క దానితో తుపాకీకి క్లీన్ చిట్ ఇవ్వను.

అపోహ: గొట్టం వేలాడదీసి కొడితే ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు.

పాత మిస్త్రీలు చేసే పరీక్షే, నేనూ చేస్తాను. అది చెప్పేది రెండు గొట్టాలను, మధ్య పట్టీని కలిపే అతుకు ఊడిందా లేదా అన్నదే. చాంబర్ సాగితే కూడా గొట్టం ఖంగుమనే మోగుతుంది.

అపోహ: మూసినప్పుడు కొంచెం లూజయింది, అంతే. రేకు ముక్క పెడితే బిగుస్తుంది.

రేకు వెనక దాక్కున్న తేడా ఎక్కడికీ పోదు. ముందు చెక్క తీసేసి, తుపాకీ మూసి, గొట్టాలను అటూ ఇటూ కదిపి చూడాలి. చెక్క ఉంటే దాని స్ప్రింగు లూజును కప్పేస్తుంది. తర్వాత గొట్టం వెనక అంచుకూ యాక్షన్ (గొట్టం వెనక మెకానిజం ఉండే భాగం) ముఖానికీ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూస్తాను. కనిపిస్తే పిన్ను, లంప్, లాకు బోల్టు, ఏది అరిగిందో ఏది సాగిందో తేల్చాలి. పంపు తుపాకీ అయితే బోల్టు లాకయ్యే చోటు చూడాలి.

అపోహ: సేఫ్టీ పెడితే చాలు, తుపాకీ భద్రమే.

చాలా డబుల్ బ్యారెల్‌లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపల హామర్‌ను పట్టి ఉంచే సియర్‌ను అది ఆపదు. గట్టి తన్నుకు సియర్ అంచు కాస్త చెదిరితే, సేఫ్టీ పెట్టి ఉన్నా తుపాకీ నేల మీద తగిలినప్పుడు పేలొచ్చు. ఒక ట్రిగ్గర్ నొక్కితే రెండు గొట్టాలూ పేలడం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. అందుకే డమ్మీ తూటాలు పెట్టి, వెనక చెక్క మడమను రబ్బరు మీద తట్టి చూడందే నేను ఏ తుపాకీ తిరిగివ్వను. వెనక చెక్క మెడ దగ్గర చీలిక కూడా చూడండి. అది పెరిగితే గురి తప్పడమొక్కటే కాదు, మెకానిజమే కదిలిపోతుంది.

అపోహ: చెట్టుకు కట్టి, తాడుతో ట్రిగ్గర్ లాగి ఒకటి పేల్చి చూస్తే తెలిసిపోతుంది.

దయచేసి చేయకండి. తుపాకుల బలం పరీక్షించే ప్రూఫ్ హౌస్‌లో చేసేది వేరు. అక్కడ మామూలు హద్దు కన్నా దాదాపు నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడి ఇచ్చే, కొలిచి చేసిన తూటా పేలుస్తారు. పేల్చక ముందూ, పేల్చాకా గొట్టం కొలతలు తీసి పోలుస్తారు. చెట్టుకు కట్టినప్పుడు కొలత ఉండదు, పగులు ఎంత పాకిందో తెలియదు. మూడోదానికి పగిలే గొట్టం మొదటి రెండిటికీ నిలబడుతుంది. ఉబ్బు ఉన్న గొట్టాన్ని కొట్టి నునుపు చేయించుకోవడమూ ఇంతే. సరిచేసినా మళ్లీ ప్రూఫ్ చేయించకుండా వాడకూడదు.

అపోహ: పాత గొట్టం, డమాస్కస్ ఉక్కు. ఇప్పటి వాటికన్నా గట్టిది.

ఈ మాట మన ప్రాంతంలో గర్వంగా అంటారు, కారణమూ ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అది మూసల్లో కరిగించి చేసిన ఉక్కు, కత్తులకు పేరు పడ్డది. తుపాకీ మీద కనిపించే అలల నమూనా వేరే కథ. ఇనుప, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి కమ్మీ చుట్టూ చుట్టి అతికిన గొట్టం అది. అతుకుల మధ్య తుప్పు పాకి ఉన్నా పైకి తెలియదు. అలాంటివి ఎక్కువగా పాత పొగ మందు కాలానికి చేసినవి. అలాంటి గొట్టంలో నేటి మందు ఎక్కువ మోతాదులో పేలిందంటే నా సలహా ఒక్కటే: గోడకు తగిలించండి, అదీ లైసెన్సు మీదే ఉంచి.

అపోహ: పాత పొగ మందు కొలిచే గిన్నెతోనే కొత్త పొగరాని మందు పోశాను, తేడా ఏముంటుంది?

ప్రాణం తీసే తేడా ఉంటుంది. బరువుకు బరువు చూస్తే పొగరాని మందులో పాత పొగ మందుకు దాదాపు మూడింతల శక్తి. పైగా తూటా నింపడమూ, తుపాకీ రిపేరు చేయడమూ లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద నేరం. అడవిపందుల బెడద నిజమే, రైతు బాధ నాకు తెలుసు. దానికి దారి అనుమతితో, కంపెనీ తూటాతో.

కంపెనీ తూటా అయినా పొడవు చూసుకోండి. తూటా మీద రాసే పొడవు పేలాక తెరుచుకున్న కేసుది. 65 మిల్లీమీటర్ల పాత చాంబర్‌లోకి 70 మిల్లీమీటర్ల తూటా హాయిగా దూరుతుంది, పేలినప్పుడు తెరుచుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. 20 బోర్ తూటా 12 బోర్ దాని కన్నా సన్నది, అందుకే 12 బోర్ గొట్టంలోకి జారి ముందు ఇరుక్కుంటుంది. అది చూసుకోక వెనక ఇంకో తూటా పెడితే గొట్టం పగులుతుంది. రెండు రకాలూ ఒకే జేబులో వేసుకోకండి.

ఇక, అదే చేతితో నింపిన మిగతా తూటాలు. వాటిని ఇంట్లో విప్పి మందు తీయొద్దు, పొయ్యిలో వేయొద్దు, బావిలో పారేయొద్దు. విడిగా పెట్టి, ముందు పోలీస్ స్టేషన్‌కు చెప్పి, వాళ్లు చెప్పిన ప్రకారం అప్పగించండి. తుపాకీని మాత్రం లైసెన్సు పుస్తకంతో సహా లైసెన్సున్న రిపేరర్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ తూటా పేల్చారో దాచకుండా చెప్పండి. అది తెలిస్తేనే ఎక్కడ వెతకాలో మాకు తెలుస్తుంది.